గొంతుక్కూర్చునే బ్యూలా

సంతోషకుమారి బతికున్నన్నాళ్లూ ఆమె నోటికి జడవని మనిషి ఆ పేటలో లేడు, పాస్టరు గారితో సహా. చిలకలూరిపేట రోడ్డులోని కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు ఆమే పెద్ద. కోడలూ అక్కడే పని చేసేది కాబట్టి మనవరాలు బ్యూలా ఆ కాయల మధ్యే పెరిగింది.

నాలుగడుగులు పరిగెత్తడం, గొంతుక్కూర్చోవడం, లేచి మళ్లీ పరిగెత్తడం, మళ్లీ కూర్చోవడం. ఇదీ బ్యూలా ఆట. తొడిమలు తీసేవాళ్లు కూర్చునేదీ అలాగే.

"కుర్చీ వేసినా ఎక్కదే. అచ్చం మా వంశం," అని మురిసిపోయేది సంతోషకుమారి.

"మరి ఆ పెదాలు నీలంగా ఉన్నయ్యేంటక్కా?" అంది ఓసారి పక్కన తాలుకాయలు ఏరుతున్న నజ్మీన్.

"ద్రాక్ష ఐసు తినుంటది. కొనిచ్చే వాళ్ల నాన్నకి బుద్ధుండొద్దూ?"

పిల్ల ఆయాసాన్ని మిరప ఘాటు ఖాతాలో వేసింది.

చివరికి అంగన్‌వాడీకి వచ్చిన డాక్టరు గుంటూరు పంపాడు. ఆసుపత్రి వరండాలో బ్యూలా గొంతుక్కూర్చోగానే, అటు పోతున్న పిల్లల గుండెజబ్బుల డాక్టరమ్మ నిలబడిపోయింది.

"ఎప్పట్నుంచి ఇలా కూర్చుంటోందమ్మా?"

"నడకొచ్చిన కాడ్నించీ అండి. ఎవరూ నేర్పలా," అంది సంతోషకుమారి గర్వంగా.

స్కాన్ తీశాక డాక్టరమ్మ చెప్పింది. గుండెలో రంధ్రం ఉంది. ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకు. అలా కూర్చుంటే అక్కడికి కాస్త ఎక్కువ రక్తం చేరుతుంది. పాప ఊపిరి కోసం కూర్చుంటోంది. ఆపరేషన్ ఒక్కటే మార్గం.

సంతోషకుమారి బయటికొచ్చి తనను తాను తిట్టుకుంది. ఆ తిట్లు రాయదగ్గవి కావు.

కొడుకు జయపాల్ కోతకు భయపడి పాస్టరు గారిని పిలిచాడు. ముందు ఉపవాస ప్రార్థన పెడదాం, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామన్నారాయన.

"ప్రార్థన మీరు చెయ్యండి అయ్యగారూ, కోత డాక్టరమ్మ కోసుద్ది. ఒకరి పనిలోకి ఒకరు దూరొద్దు," అని కొడుకు చేత సంతకం పెట్టించింది.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ దేవుణ్ణీ వదల్లేదు. "బొక్క పెట్టి పంపింది నువ్వు. పూడుస్తోంది వాళ్లు. కనీసం పక్కన నిలబడు."

మర్నాడు లోపలికి పంపినప్పుడు బ్యూలా పెదాలు గులాబీ రంగులో ఉన్నాయి. పిల్ల కళ్లు తెరిచి, ముక్కు చిట్లించింది.

"నాయనమ్మా, నీ నోరు కంపు. అన్నం తినలా?"

"నీ మొహం. నోరు మూసుకుని పడుకో," అంది సంతోషకుమారి. కళ్లు తుడుచుకుని కిందికి దిగి, క్యాంటీన్లో ఇడ్లీ తిని, చట్నీలో కారం లేదని వంటవాడితో పోట్లాటకు దిగింది.