కాలిన మోటర్ల సారు

మోటర్ వైండింగ్, అదే కాలిన మోటర్లకు మళ్లీ తీగ చుట్టే పని, నేర్పే సారు కామారెడ్డి ఆస్పత్రిలో పోయారని మా పెద్దోడు చెప్పేసరికి ఇంకా తెల్లవారలేదు. సగం నిద్రలో ఉన్నాను. దూరంగా ఏదో పొలంలో మోటరు నడుస్తోంది. ఆయన ఎక్కడికీ పోలేదు, ఆ చప్పుడు దగ్గరే కూర్చుని చెవిపెట్టి వింటున్నారనిపించింది.

మీలో ఎందరికి ఆయన తెలుసో నాకు తెలియదు. ఎల్లారెడ్డిలో సర్కారు డబ్బుతో నడిచే ఉచిత శిక్షణ కేంద్రంలో పనిచేసేవారు. ఒక ఏడు వినాయక నిమజ్జనంలో ఎవరి బండి ముందు పోవాలని మా గల్లీ, కింది గల్లీ కుర్రాళ్లు కొట్టుకున్నారు. మా పెద్దోడి దెబ్బకు కింది గల్లీ పిల్లవాడి తల పగిలింది. ఠాణా, కేసు, ఆ తర్వాత పగ. పెద్దోడు గడప దాటితే తిరిగొచ్చేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు.

అప్పుడు సారు రెండు గల్లీలూ తిరిగి, ఆ ఇద్దరితో పాటు ఖాళీగా తిరిగేవాళ్లందరినీ శిక్షణలో చేర్చుకున్నారు. ఇంట్లో కాలిన మోటరు ఉంటే తెమ్మన్నారు. తీరా తెచ్చాక ఎవరిది వాళ్లకివ్వలేదు. మా మోటరును ఆ తల పగిలిన పిల్లవాడి ముందు పెట్టారు. మా వరి పొట్ట మీదుంది, నీళ్లు లేక మడి నెర్రెలు విచ్చింది. ఒళ్లు మండి ఎల్లారెడ్డికి ఆటో ఎక్కాను.

"ఏంది సారూ గిది? పగవట్టినోని చేతుల మా మోటరు వెడ్తరా? కావాలనే కాలవెడ్తడు!"

ఆయన చేతిలోని రాగి తీగ వదలకుండానే అన్నారు: "మోటరు కాలితె మల్ల సుట్టిపిస్త చెల్లె. పగిలిన తల సుట్టుడు నాకు రాదు."

తీగ కొనడానికి సర్కారు డబ్బు ఆలస్యమైతే కామారెడ్డికి బస్సెక్కేవారు. "లొల్లి అయినంక పోలీసు బండ్లకు పైసలుంటయి. కాకముందు తీగకు ఉండయా?" అని ఆఫీసులో నవ్వుతూనే అడిగేవారు. ఇచ్చేదాకా కదిలేవారు కాదు. మహా మొండి మనిషి.

ఆ పిల్లవాడే మా మోటరును బోరులో దించడానికి వచ్చాడు. పెద్దోడు తాడు పట్టుకున్నాడు. స్టార్టరు నొక్కితే పైపు దగ్గి దగ్గి నీళ్లు వదిలింది. వెంట వచ్చిన సారు గట్టు మీద కళ్లు మూసుకుని, "మంచిగ పాడుతున్నది" అన్నారు. నేను సిగ్గు విడిచి ఏడ్చాను.

మొన్న ఆయన్ను సాగనంపి వస్తూ అందరూ దారిలో ఒక పొలంలో బోరు దగ్గర స్నానాలకు ఆగారు. కింది గల్లీ పిల్లవాడు పైపు కిందికి రాకుండా దూరంగా నిలబడి ఏడుస్తున్నాడు. మా పెద్దోడు దోసిట్లో నీళ్లు పట్టి తెచ్చి వాడి తల మీద, ఒకప్పుడు కుట్లు పడిన చోట, మెల్లగా పోశాడు.