పక్కింటి అవ్వ తోడేసిన అన్నం

మా పక్కింటి అవ్వ మొన్న మంగళవారం పొద్దున పోయింది. వాకిలి ఊడుస్తూ ఊడుస్తూనే కూలబడింది. "అమ్మా, అవ్వ లేస్తలేదే" అంటూ మా అమ్మాయే పరుగెత్తుకొచ్చింది.

వాళ్లాయన, మేం తాత అంటాం, ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుగనిలో దిగిన మనిషి. గనిని ఇక్కడ బాయి అంటాం. ఆయనది ఫస్ట్ షిఫ్టైతే అవ్వ ముందురోజు సాయంత్రమే అన్నంలో పాలు పోసి తోడేసేది. పొద్దున ఉల్లిగడ్డతో ఆయన ముందు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. అప్పుడు ఎవరూ బాయి మాట ఎత్తకూడదు. "దిగేటోనికి తెల్వదా దాని భయం? మనం యాది చేసుడెందుకు?" అనేది.

నిరుడు మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. పరీక్షలు దగ్గరపడేసరికి రోజూ పొద్దున్నే కడుపునొప్పి, వాంతులు. ముద్ద దిగేది కాదు. పిల్ల చిక్కి సగమైంది. అసలు పరీక్షకు కూర్చోగలదా అని నాకు ఒకటే బెంగ. దవాఖానలో డాక్టరమ్మ, మనసులో భయానికీ కడుపుకూ సంబంధం ఉంటుందని చెప్పి, కడుపుకు మంచి చేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ మాత్రలు రాసింది. పిల్లతో నెమ్మదిగా మాట్లాడమంది. నేనేమో మాత్ర చేతిలో పెట్టి, "రివిజన్ ఎందాక వచ్చిందే?" అనేదాన్ని. అదీ నా తెలివి!

ఒకరోజు అవ్వ అది విన్నది. తోడేసిన అన్నం గిన్నె పట్టుకుని నేరుగా లోపలికి వచ్చింది.

"నువ్వు జర ఊకో బిడ్డా. బాయి దిగేటోని ముంగట బాయి ముచ్చట తీస్తరా?"

మా అమ్మాయి గిన్నెలోకి చూసి చాలా రోజులకు నవ్వింది. "అవ్వా, పెరుగుల గూడ మంచి బ్యాక్టీరియా ఉంటది, ఎరుకేనా?"

"ఉంటే ఉండనీ. నువ్వైతే తిను, నేను కూసుంట."

ఆ రోజు రెండు ముద్దలే. పరీక్షలయ్యేదాకా అవ్వ రోజూ వచ్చింది. తన కోళ్ల సంగతి చెప్పేది, తాత గురక గురించి చెప్పేది, చదువు మాట మాత్రం ఎత్తలేదు. నొప్పి పూర్తిగా పోయిందని అనను. కానీ గిన్నె ఖాళీ అయ్యేది. పిల్ల పరీక్షలన్నీ రాసింది. పనిచేసింది మాత్రలో, పెరుగో, ఎదురుగా ఆ కూర్చోవడమో నాకు తెలియదు. అవ్వకు ఒక మంచిమాటైనా చెప్పలేకపోయానే అని ఇప్పుడు ఏడుపొస్తోంది.

అవ్వ పోయినప్పటినుంచి తాత మెతుకు ముట్టలేదు. ఎవరెంత బతిమాలినా తల తిప్పుకున్నాడు. నిన్న పొద్దున మా అమ్మాయి, తను తోడేసిన అన్నం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి కింద కూర్చుంది.

"తిను తాతా. నేను కూసుంట."

చాలాసేపటికి ఆయన చేయి గిన్నెలోకి వెళ్లింది. గుమ్మంలో నిలబడ్డ నేను ఆగలేక, "అవ్వ ఉంటే..." అన్నాను.

"ఆ ముచ్చట ఇప్పుడొద్దమ్మా" అంది పిల్ల, నావైపు తిరగకుండానే. తాత రెండో ముద్ద కలుపుకున్నాడు.