హార్డ్ డిస్క్‌లో నలభై ఒక్క సెకన్లు

దెయ్యాల మాటెత్తితే నాకు భయం వేయదు, చిరాకు వేస్తుంది. బరంపురం గేట్ బజార్‌లో మాది మూడు తరాల బట్టల కొట్టు. మీటరు కర్రతో కొలిచి, కత్తెరతో కోసి ఇచ్చేవాణ్ణి. కంటికి కనబడి, చేతికి తగిలితేనే ఏదైనా ఉందంటాను. గోడౌన్‌లో ఎవరో తిరుగుతున్నట్టుందని మా గుమస్తా ఒకసారి అంటే, ఎలకల బోను కొనిచ్చి పంపాను. అలాంటివాణ్ణి ఇవాళ ఇది రాయడానికి కూర్చున్నాను.

నిరుడు వేసవిలో మా అమ్మకి గొంతు క్యాన్సరని తేలింది. స్వరపేటిక తీసేయాలి, ప్రాణం నిలుస్తుంది గాని ఇక మాట రాదు అన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి పది రోజుల టైముంది. ఆ పది రోజులూ ఫోన్ ముందు పెట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడమన్నాను. మా అమ్మకి మాట్లాడమని ఒకరు చెప్పాలా! పనసపొట్టు కూర ఎలా వండాలో చెప్పింది, మంగళహారతులు పాడింది, పెళ్లి పీటల మీద మా నాన్న అలిగిన కథ చెప్పింది, మనవల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. మొత్తం పదిహేడు రికార్డింగులు.

అవన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఫోన్ నిండిపోయిందని అందులోంచి తీసేశాను. దిగపహండిలో ఉన్న మా చెల్లెలు తనకీ ఒక కాపీ పంపమని రెండుసార్లు అడిగింది. పంపలేదు. మా ఇంట్లో విలువైనది ఏదైనా ఇనప్పెట్టెలోకి వెళ్లాలి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. రెండు చోట్ల ఉన్న వస్తువు భద్రం కాదన్నది మా తాత నాటి నుంచీ వస్తున్న బుద్ధి. బంగారానికి పనికొచ్చే ఆ తెలివి దీనికి పనికిరాదని నాకు తట్టలేదు. వెధవ తెలివి.

ఆపరేషన్ బాగానే జరిగింది. అమ్మ కోలుకుంది. మెడ దగ్గర చిన్న రంధ్రం, ఊపిరి దాంట్లోంచే. ఏదైనా చెప్పాలంటే నోటుబుక్కులో రాస్తుంది.

దసరాకి మేము ఇనప్పెట్టె మొత్తం ఖాళీ చేసి, అందులో ఉన్నవన్నీ పీట మీద పెట్టి పూజ చేస్తాం. వాటి పక్కనే కొట్టులోంచి తెచ్చిన కత్తెర, మీటరు కర్ర. ఈసారి హార్డ్ డిస్క్ కూడా చేరింది. అమ్మే తన చేత్తో దానికి గంధం, కుంకుమ పెట్టింది.

ఉదయం పదిన్నర అయ్యుంటుంది. మా ఆవిడ దేవుడి దగ్గర ఇంకా గంట వాయిస్తోంది. కొబ్బరికాయ కొట్టిన చేతులు సరిగా తుడుచుకోకుండానే నేను డిస్క్ తీసుకుని పెట్టె వైపు తిరిగాను. ఎదురుగా అమ్మ నిలబడి ఉంది. ఉన్నట్టుండి నోరు బార్లా తెరిచి, చెయ్యి ముందుకు చాపింది. శబ్దం ఏమీ రాలేదు. ఏమిటా అని అమ్మ మొహం చూసేలోగా డిస్క్ జారి గచ్చు మీద పడింది. నా మోచెయ్యి తగిలి కుంకుమ పళ్లెం కూడా పడి గిర్రున తిరిగింది. పక్కింటి ఒడియా ఆవిడ గోడ అవతల నుంచి "కొణ హెలా?" అని కేకేసింది, ఏమైందని. నన్ను నేనే ఒక మాట తిట్టుకున్నాను, పండగ పూట అనకూడని మాట.

కంప్యూటర్‌కి తగిలిస్తే టక్కు టక్కుమని కొట్టుకుందే గాని తెరుచుకోలేదు. మా సందు చివర కంప్యూటర్లు బాగుచేసే గణపతి దగ్గరికి పరిగెత్తాను. చెవి దగ్గర పెట్టుకుని విని, వెంటనే వైరు పీకేశాడు.

"అన్నయ్యా, ఇంకోపాలి కరెంటు ఇచ్చేరంటే ఉన్నది కూడా గీసుకుపోతాది. లోపల సూది పలక మీద పడిపోనాది. విశాఖపట్నం ల్యాబుకి పంపుదాం. ఆశ మాత్రం ఎట్టుకోకండి."

మూడు వారాలు పట్టింది. అమ్మ మొహం చూడలేక కొట్టుకే క్యారేజీ తెప్పించుకుని తినేవాణ్ణి. చెల్లెలు ఫోన్ చేస్తే బేరం మీద ఉన్నానని పెట్టేసేవాణ్ణి. అమ్మ గొంతు తీసేసింది డాక్టర్లు కాదు, నేనే అనిపించేది. గుడ్డ కోస్తుంటే రెండుసార్లు వంకర పోయింది.

ఒక మధ్యాహ్నం గణపతి కబురు పెడితే వెళ్లాను. పదిహేడింటిలో ఒక్కటీ రాలేదట. పలకలు గీరుకుపోయాయట. "ఒకే ఒక్క ఫైలొచ్చింది. మీదేనేటో సూడండి" అన్నాడు. నలభై ఒక్క సెకన్లుంది. దానికున్న పేరు నేను పెట్టింది కాదు.

నొక్కాడు. మొదట గంట. మా పూజ గంటే, నాలుక వదులై ఒక రకంగా మోగుతుంది. దాని మీద మా అమ్మ గొంతు.

"ఒరే సిన్నోడా, సూసుకోరా, జారిపోతంది!"

వెంటనే దబ్బుమని చప్పుడు. పళ్లెం గిర్రున తిరిగి ఆగడం. "కొణ హెలా?" ఆ తర్వాత నా గొంతు, పండగ పూట అనకూడని ఆ మాట.

బయట ఆటోలు హారన్లు కొడుతున్నాయి, పట్టపగలు. స్టూలు మీద కూలబడి గణపతికి జరిగిందంతా చెప్పాను. వాడు పాడైన డిస్క్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి మైకు నేదన్నయ్యా. ఆ యేళ వైరు కూడా నేదు కదా" అన్నాడు.

ఆ రోజు నా ఫోన్ కొట్టులో ఛార్జింగులో ఉంది. పోనీ, ఇంట్లో ఇంకెవరి ఫోనో రికార్డు చేసిందనుకుందాం. అది నా చేతిలో ఉత్తినే ఉన్న డిస్క్‌లోకి ఎలా వెళ్లింది? అదీ వదిలేద్దాం. అప్పటికి అమ్మకి మాట పోయి నాలుగు నెలలు.

ఇంటికి తెచ్చి అమ్మకి వినిపించాను. పళ్లెం చప్పుడు రాగానే మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ మాత్రం కంగారు పడలేదు. ఇంకోసారి పెట్టమని సైగ చేసి, చివరిదాకా విని, నోటుబుక్కు లాక్కుంది.

"ఆ రోజు అరిసేను కదరా. నీకే ఇనబడనేదు" అని రాసింది.

ఇప్పుడా ఫైలు చెల్లెలి ఫోన్‌లో ఉంది, మా ఆవిడ ఫోన్‌లో ఉంది, గణపతి దగ్గర ఉంది, ఇనప్పెట్టెలోనూ ఉంది. అది ఎలా వచ్చిందో ల్యాబువాళ్లూ చెప్పలేకపోయారు. నేను దాన్ని దెయ్యం అనను, దేవుడనీ అనను. ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పాటలు పోయాయి, కథలు పోయాయి, మనవల పేర్లు పోయాయి. అమ్మ గొంతులో మాకు మిగిలింది ఆ ఒక్క కేక. రోజూ కొట్టు తెరిచే ముందు ఒకసారి వింటాను. విన్న ప్రతిసారీ, పట్టుకోవడానికి నా రెండు చేతులూ ముందుకు వెళ్తాయి.