పన్నెండింటి ముద్ద

పదకొండున్నరకి మాత్ర, పన్నెండింటికి అన్నం. ఎనిమిదేళ్లపాటు మా ఇంట్లో గడియారానికి ఇదొక్కటే పని. ఇప్పుడు ఆకలేస్తే తింటున్నాను. ఒక్కోరోజు మూడింటికి గుర్తొస్తుంది.

మా ఆయన కోట్లు కుట్టేవారు. వీధివైపు గదిలో కత్తిరించే బల్ల, కిటికీ పక్కన మిషను. ముందు కనురెప్పలు వాలడం మొదలైంది. దారం ఎక్కిస్తుంటే ఒక సూది రెండుగా కనబడేదట. నిద్ర చాలడంలేదు కాబోలనుకున్నాం. తరవాత సాయంత్రమయ్యేసరికి కత్తెర పట్టిన చెయ్యి పైకి లేవకుండా పోయింది. మయస్తీనియా అన్నారు. లక్షమందిలో ఏ కొద్దిమందికో వస్తుందట. నరం చెప్పిన మాట కండ వినదట.

"అచ్చం మా అమ్మాయే," అన్నారాయన డాక్టరుతో.

రొమ్ము ఎముక కోసి, జబ్బుకి మూలం అదేనంటూ లోపలి గ్రంథి తీసేశారు. గొంతు కిందనుంచి జానెడు పొడుగు మచ్చ మిగిలింది. కట్టు విప్పిన రోజు అద్దంలో చాలాసేపు చూసుకుని, "ఎవడు కుట్టాడోగానీ, నేనైతే వాణ్ణి కాజాలు కుట్టడానికి కూడా పెట్టుకోను," అన్నారు. నవ్వాను. ఆ తరవాత మండుటెండలో కూడా చొక్కా పై బొత్తాం విప్పలేదు. చేతులు మెడదాకా లేవవు కాబట్టి ఆ బొత్తాం పెట్టడం నా వంతు.

కోతతో కొంత మేలైంది, పూర్తిగా కాదు. మాత్ర వేసుకున్న అరగంటకి గొంతులోకీ చేతుల్లోకీ బలం వచ్చేది. రెండు గంటలుండి జారిపోయేది. తినడమైనా, కుట్టడమైనా ఆ కాస్త వేళలోనే. మా గొడవలన్నీ దాని దగ్గరే.

పోయిన చలికాలం నాకు కోటు మొదలుపెట్టారు. ఊరందరికీ కుట్టిన మనిషి, నాకెప్పుడూ కుట్టలేదు. చేతులు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఇదే ఆఖరిదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు పన్నెండింటికి కంచం పెట్టాను.

"ముందు తినండి."

"కాలరు పెట్టేసి తింటానే. ఇవాళ చెయ్యి బాగా ఆడుతోంది."

"కోటెక్కడికీ పోదు."

"అన్నం మాత్రం లేచిపోతుందా? మూతపెట్టి ఇలా రా. భుజం ఇటు తిప్పు."

రోజూ పోట్లాడేదాన్ని. ఆ రోజు పోట్లాడలేదు. ఆయన చెయ్యి అలా ఆడగా చూసి ఎన్నాళ్లయిందో. వెళ్లి నిలబడ్డాను. కాలరు నా మెడకి ఆనించి చూసుకుని, తెల్లదారంతో కచ్చాకుట్టు వేశారు, మర్నాడు మిషను మీద గట్టికుట్టు వేద్దామని. అప్పటికి రెండున్నర దాటింది.

ఇంకో మాత్ర ఇచ్చి అరగంట ఆగాలి. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

"కడుపు మాడిపోతోందే," అన్నారు.

మెత్తగా కలిపి నేనే పెట్టాను. మూడో ముద్ద కడుపులోకి పోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయింది. దగ్గడానికి కూడా బలం లేదు. నా మణికట్టు పట్టుకుని నాకేసి చూస్తూ ఉండిపోయారు. ఆసుపత్రిలో గొట్టాలు పెట్టారు. తొమ్మిది రోజులే ఉన్నారు.

"నీ తప్పేముందమ్మా, ఆ జబ్బే అంత," అంటుంది అమ్మాయి.

నిన్న వచ్చి కోటు చూసింది.

"గట్టికుట్టు వేసేసి ఈ తెల్లదారాలు పీకేస్తే అయిపోయె కదా. చలికి వణుక్కుంటూ కూర్చుంటావేం? నీకు మిషను రాదా ఏంటి?"

"వచ్చు," అన్నాను.

మిషనుకి నల్లదారం ఆయన ఎక్కించిందే ఉంది. దుమ్ము తుడిచి గుడ్డ కప్పేశాను. కోటు మళ్లీ కొక్కేనికి తగిలించాను, దారాలతోనే.