దర్బారుకి బయల్దేరితే బ్యాండు ముందు తేలాను

మొన్న శనివారం నుంచీ మా వీధి పిల్లలు నేను కనబడితే చాలు, నోటితో పీపీ ఊదుతున్నారు. ఎందుకో చెప్తాను గానీ, ముందా టీ గ్లాసులు కింద పెట్టండి బావా. మధ్యలో నవ్వొచ్చి మీద పోసుకుంటే నాకు సంబంధం లేదు.

నా ఉద్యోగం సంగతి తెలిసిందే కదా. పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసు, ఇంకా ప్రొబేషనే. ఈ నెలాఖరుకి పర్మినెంటు చెయ్యాలి, లేదా పొమ్మనాలి. ఏదైనా మా మేనేజరు గారి చేతిలోనే ఉంది. ఆయనకేమో ఇంగ్లీషు పిచ్చి. ఆయన నోట తెలుగు ముక్క విన్నవాడు ఆఫీసులో లేడు. ప్యూన్ని మంచినీళ్ళడిగినా ఇంగ్లీషే! ఏ ఢిల్లీ నుంచో వచ్చాడనుకునేవాళ్ళం.

ఈ ఏడు మా ఆఫీసు క్లబ్బు యానివర్సరీకి ఆయనకో ఐడియా వచ్చింది. నాలుగొందల ఏళ్ళ కిందటి ఇంగ్లాండు రాజదర్బారు! అందరూ ఆ కాలపు వేషాల్లో రావాలి. గేటు దాటాక ఆ కాలపు ఇంగ్లీషే మాట్లాడాలి. 'యూ' అన్నవాడు ఔట్. 'దౌ' అనాలి, 'దీ' అనాలి. 'ప్లీజ్' అనకూడదు, 'ప్రిదీ' అనాలి. ఆయనే రాజు. నేను గేటు దగ్గర పొడుగు కర్రతో నేలమీద కొట్టి, వచ్చినవాళ్ళ పేర్లు గట్టిగా చాటే భటుణ్ణి.

"ఇది బాగా చెయ్యి, నీ కన్ఫర్మేషన్ సంగతి నేను చూస్తాను" అన్నారు, ఇంగ్లీషులోనే.

ఇంకేం! పగలూ రాత్రీ అదే ప్రాక్టీసు. బస్సులో కండక్టర్ని 'ప్రిదీ' అని టిక్కెట్టడిగాను. ఇంట్లో మా ఆవిణ్ణి 'మై లేడీ' అని పిలిస్తే, పరిగెత్తుకొచ్చి నుదుటిమీద చెయ్యేసి చూసింది. "జొరం గానీ తగిలిందేటండీ?"

కోటు మాత్రం పాత ఊళ్ళో మస్తాన్ సాయిబు దగ్గర కుట్టించాను. పత్రికలో బొమ్మ ఒకటి చూపిస్తే అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు.

"ఏటి సార్ ఇది, జరీయే లేదు. జరీ లేని రాజు రాజేనా? ఫికర్ పడకండి. మనకాడ ఫస్ట్ క్లాస్ మఖ్మల్ ఉంది."

ఎర్రటి మఖ్మల్ కోటు, అంచులకి బంగారు జరీ, భుజాలమీద కుచ్చులు, ఈకపెట్టిన టోపీ. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే నాకే దణ్ణం పెట్టబుద్ధేసింది. వెంటనే మేనేజరు గారికీ సాయిబు పేరు చెప్పేశాను. ఆయనా కొలతలిచ్చొచ్చారు. పర్మినెంటు ఇక చేతిలో పడ్డట్టే అనుకున్నాను!

శనివారం సాయంత్రం ముస్తాబై గదిలోంచి బయటికొస్తే మా ఆవిడ ఎగాదిగా చూసింది.

"ఎవరి పెళ్ళికండీ?"

"నీ మొహం! రాజదర్బారుకి!"

రిక్షా ఎక్కి, కర్ర ఒళ్ళో పెట్టుకుని, పాఠం వల్లించుకుంటూ బయల్దేరాను. మహారాణిపేట మలుపులో రిక్షా ఆగిపోయింది. ఎదురుగా పెళ్ళి ఊరేగింపు. పూలదండలేసిన అంబాసిడర్లో పెళ్ళికొడుకు చెమటలు కక్కుతున్నాడు. బ్యాండు వాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు గానీ వాయించడం లేదు. వాళ్ళకేసి చూశాను బావా, నా పై ప్రాణాలు పైనే పోయాయి!

నా కోటు! అదే ఎర్ర మఖ్మల్, అదే జరీ, అవే కుచ్చులు, అందరి ఒంటిమీదా! సాయిబు బ్యాండు మేళాలకి కుట్టేవాడని అప్పుడు తెలిసింది.

ఈలోగా పట్టుపంచె కట్టుకున్న పెద్దాయనొకడు, పెళ్ళికొడుకు మేనమామట, నా రెక్క పుచ్చుకుని రిక్షాలోంచి దింపేశాడు.

"ఇంతసేపేటి సేత్తన్నావయ్యా? ముహూర్తం దాటిపోతంది! మీ బ్యాండు మాస్టరు కాలిరిగితే బదులు నిన్ను పంపుతన్నామన్నారు. ఇదేనా రావడం?"

"అయ్యా, నేను మాస్టర్ని కాదండీ! నేను క్లబ్బుకెళ్ళాలి!"

"క్లబ్బులో ఇంకో బేరం ఒప్పేసుకున్నావా? అదేం కుదరదు. మాది ముందు!"

ఆఫీసరునని తెలిస్తే వదిలేస్తాడనుకుని కర్ర పైకెత్తి అరిచాను. "అన్‌హ్యాండ్ మీ, దౌ నేవ్! ప్రిదీ, లెట్ మీ పాస్!" అంటే, నన్నొదలరా దుర్మార్గుడా, దారియ్యి అని.

మేనమామ వెనక్కి తిరిగి బ్యాండు వాళ్ళతో చెప్పాడు. "తాగొచ్చినట్టున్నాడు. పర్లేదు, నడుస్తన్నాడు కదా, ముందు నిలబెట్టండి."

నిలబెట్టేశారు! కర్ర పైకెత్తి ఉంది కదా, దాన్ని చూసి బ్యాండు గుప్పుమని మొదలెట్టేసింది. వెనక డప్పులు, కారు హారను, ఆడవాళ్ళ నవ్వులు. పారిపోదామంటే పక్కనే మేనమామ. అప్పుడు గుర్తొచ్చింది, ఈ రోడ్డు క్లబ్బు గేటు ముందునుంచే వెళ్తుందని. అక్కడ చటుక్కున లోపలికి దూరిపోతే సరి! ఆ ధైర్యంతో నడిచాను. నిజం చెప్పొద్దూ, పది అడుగులు పోయేసరికి కర్ర దానంతటదే తాళానికి ఊగడం మొదలెట్టింది.

క్లబ్బు గేటు వచ్చింది. చటుక్కున తిరిగి లోపలికి దూరాను.

బ్యాండు ఎటు పోతుంది బావా? మాస్టరు ఎటు పోతే అటే! నా వెనకే క్లారినెట్లు, డ్రమ్ములు, ఆడవాళ్ళు, ఆ వెనక పెళ్ళికొడుకు కారు, మొత్తం లోపలికొచ్చేసింది! పచ్చిక మీద దొరలూ దొరసానుల వేషాల్లో ఆఫీసర్లందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. నోట్లో ఉన్నది ఒక్క పాఠమే. కర్ర నేలకేసి కొట్టి, దొరగారొస్తున్నారు తప్పుకోండని గొంతు చించుకుని చాటాను. "హార్క్! హార్క్! మేక్ వే ఫర్ హిజ్ గ్రేస్!"

సరిగ్గా అప్పుడే అంబాసిడరు డోరు తీసుకుని పెళ్ళికొడుకు దిగాడు.

మెట్లమీద కిరీటం పెట్టుకున్న మా మేనేజరు గారు. ఆయన నోరు తెరుచుకుంది. నాలుగొందల ఏళ్ళ ఇంగ్లీషూ రాలేదు, ఇప్పటి ఇంగ్లీషూ రాలేదు.

"ఓలమ్మో! ఏటర్రా ఇది! ఈ మేళాన్నెవడ్రా లోపలికి రానిచ్చినాడు!"

అసలు సిసలు శ్రీకాకుళం! ఆఫీసు ఆఫీసంతా కొయ్యబారిపోయింది.

అంతటితో అయిపోయిందా? మేనమామ ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. ఎర్ర మఖ్మల్, నాకంటే రెండింతల జరీ, పైన కిరీటం. మొహం వెలిగిపోయింది.

"పెద్ద మాస్టరు ఇక్కడున్నారేటి! రండి బాబూ, ముందుకి రండి!" అని చెయ్యి పట్టుకుని మెట్లు దింపేశాడు. వెనకనుంచి ఎవడో ఆయన చేతిలో క్లారినెట్టు పెట్టేశాడు. వచ్చిన అతిథులేమో ఇదంతా ప్రోగ్రామే అనుకుని ఒకటే చప్పట్లు!

సోమవారం మేనేజరు గారు గదిలోకి పిలిచారు. తలుపేశారు. ఇంగ్లీషు అవసరం తీరిపోయింది కాబోలు, తెలుగులోనే చెప్పారు. "పర్మినెంటు లేదు ఏటీ లేదు. ఇంకో ఆర్నెల్లు ప్రొబేషను. నా కళ్ళముందు నిలబడకు, పో."

ఏడుపు మొహంతో ఇంటికొస్తే గుమ్మంలో బ్యాండు మనిషి, మా ఆవిడ నోట నా ప్రొబేషను సంగతంతా విని, కూర్చుని ఉన్నాడు. తాంబూలం, కొబ్బరికాయ చేతిలో పెట్టాడు.

"మా మాస్టరు ఇప్పట్లో లెగడు బాబూ. మీరు కర్ర తిప్పినట్టు ఎవలూ తిప్పలేరు. మాకాడికొచ్చీండి. ప్రొబేషన్లూ గట్రా ఏటీ లేవు, రేపట్నించే పర్మినెంటు."

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

"ఒప్పేసుకోండి! కోటెలాగూ ఉంది కదా!"