లస్కర్‌కి పిచ్చి లేదు

ఆ ఉదయం మా కుక్క లస్కర్ గడప దాటబోయి తడబడి పడింది. నేను గేదెల దగ్గరికి వెళ్తుంటే వెంట రాకుండా అది ఒక్క పూట కూడా ఉండదు. లేపి నిలబెడితే కాళ్లు వణికాయి, మెడ పక్కకు వంకర పోయింది. ఏదో తేడా చేసిందని అప్పుడే అర్థమైంది.

మాది బాళగనూరు పక్కన క్యాంపు. తుంగభద్ర కాలువ నీళ్లొచ్చాక గుంటూరు జిల్లా నుంచి ఈ కన్నడ నేలకు వచ్చి వరి వేసుకున్నవాళ్లం; అలా వలస వచ్చినవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. కలుపు తీయడానికి దేవదుర్గ వైపు నుంచి వచ్చే ఎల్లమ్మ ఈ కుక్కను పిల్లప్పుడు కొంగులో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. తల్లి ఊరకుక్క, తండ్రి కాలువ ఇంజనీరుగారి బంగళాలోని బొచ్చుకుక్క. పొట్టి కాళ్లు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి, ఒళ్లంతా ఒత్తు బొచ్చు. జానెడు ఒళ్లు, మూరెడు నోరు. కాలువకు కాపలా తిరిగే మనిషిని ఇక్కడ లస్కర్ అంటారు. ఇదీ గట్టు మీద తిరుగుతూ వచ్చేపోయేవాళ్లందరినీ నిలదీస్తుంది కాబట్టి ఆ పేరే పెట్టాం.

ఆ బొచ్చులో నెత్తురు తాగే గోమార్లు పట్టాయి. ముందురోజు నేను చేసిన నిర్వాకం ఇది: వరికి చల్లే బి.హెచ్.సి. పొడి పిడికెడు తీసి దాని ఒంటికంతా రుద్దాను. పక్కింటి వెంకట్రామయ్య బాబాయిగారు గొడ్లకు అదే రాస్తారు. పురుగు ఎక్కడ కనపడ్డా మా క్యాంపులో అందరి చెయ్యీ ఆ పొడి మీదికే పోతుంది. కుక్క ఒళ్లు నాక్కుంటుందని నాకు తెలియదా? తెలుసు. అయినా రుద్దాను. తప్పు నాదే.

పొద్దెక్కేసరికి ఫిట్స్ మొదలయ్యాయి. నోట్లోంచి నురగ. నాలిక కరుచుకుంటుందేమోనని వేలు పెట్టాను, పన్ను దిగింది. నా నెత్తురు చూసి క్యాంపంతా మూగింది. వెంకట్రామయ్యగారు కర్రతో వచ్చారు.

"పిచ్చి పట్టిందమ్మాయ్. పక్కకి జరుగు."

"పిచ్చి కాదు బాబాయిగారూ, నేను రాసిన పొడి. దీన్ని కొట్టాలంటే ముందు నన్ను కొట్టండి."

పొడి మాట ఎత్తగానే ఆయనకు కోపం వచ్చింది. తన గేదెలకు ఏమీ కాలేదట. పంటను నిలబెట్టిన మందును నేను విషం అంటున్నానట. చివరికి కుక్క కట్టు తెంచుకుని బయట కనపడితే అడగకుండా కొట్టేస్తామని అందరూ తేల్చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఆయనా నేనూ దాన్ని గోనెసంచిలో చుట్టి సింధనూరు తీసుకెళ్లాం. పశువుల డాక్టరు దాని ఒళ్లు వాసన చూసి, ఏం పూశారని కన్నడంలో అడిగాడు. చెప్పాను. "పాయిజనింగ్" అన్నాడు. ఫిట్స్‌కి ఇంజెక్షన్ ఇచ్చి, సబ్బుతో రెండుసార్లు కడిగించాడు.

నా వేలు చూసిన ఆసుపత్రి డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "రేబీస్ కాదని మీరంటే చాలదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు, రోజుకొకటి. కుక్కని మాత్రం చంపనివ్వకండి. పది రోజులు బతికుంటే మిగతావి ఆపేద్దాం" అంది.

మూడో రోజు లస్కర్ తోక ఆడించింది. ఆ సంబరంలో, విషానికి విరుగుడని చిక్కటి పాలల్లో నెయ్యి వేసి తాగించాను. సాయంత్రానికి మళ్లీ ఫిట్స్. మర్నాడు పశువుల డాక్టరు బాగా తిట్టాడు. కొవ్వు తగిలితే ఆ మందు ఒంటికి ఇంకా పడుతుందట. ఆ రోజు మాత్రం నేను ఏడ్చాను.

ఎల్లమ్మ జొన్న గంజి పల్చగా కాచి తెచ్చి చెంచాతో పోసింది.

"కట్టె పట్టుకొని నిలబడ్డోళ్లు గంజి తెస్తరా అమ్మా? గాళ్ల మాట ఇనకు. గిట్ల పోయే కుక్క కాదిది."

ఎనిమిదో ఇంజెక్షన్‌కి నా పొట్ట గట్టిపడిపోయి, కుచ్చిళ్లు దోపుకోవడం కూడా కష్టమైంది. అయినా రోజూ బస్సుకు వెళ్తూ వెంకట్రామయ్యగారి అరుగు ముందు ఆగి, "ఇంకా బతికే ఉంది" అని వినపడేలా చెప్పి మరీ వెళ్లేదాన్ని. ఆయన మొహం తిప్పుకునేవారు.

పదకొండో రోజు డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది. ఇంటికి రాగానే లస్కర్ మెడకు తాడు కట్టి క్యాంపు నడిమధ్య నుంచే నడిపించాను. వెనక కాలు ఈడుస్తూనే నడిచింది. ఇన్నాళ్లూ దాచుకున్న నాలుగు మాటలూ అప్పగిద్దామని ఆ అరుగు ముందు ఆగాను. లస్కర్ ఆయన్ని చూసి మొరిగింది. ఆయన కర్ర అందుకోలేదు.

"పోయినేడు మా దూడ అచ్చం ఇలాగే కొట్టుకుని పోయిందమ్మాయ్. దిష్టి అనుకున్నాం. నా చేత్తోనే రాశాను ఆ పొడి" అన్నారు.

నేను లస్కర్‌ని దగ్గరికి లాక్కుని ఆ అరుగు మీదే కూర్చున్నాను.

ఇది జరిగి ఏడేళ్లు. లస్కర్‌కి కాలు ఇంకా కొంచెం ఈడుపే, నోరు మాత్రం తగ్గలేదు. కుక్కను పెంచుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: పొలం మందు పొలానికే ఉంచండి. గోమార్లను చేత్తో ఏరండి. చెవుల వెనకా, వేళ్ల సందుల్లో వెతికి, తీసినవి కిరసనాయిలు పోసిన చిప్పలో వేయండి. అంత ఓపిక ఎవరికుంటుందంటారా, ఒక పొద్దున మా క్యాంపుకు రండి. లస్కర్‌ని ఒళ్లో వేసుకుని, అరుగు మీద కూర్చుని వెంకట్రామయ్యగారు ఆ పనే చేస్తుంటారు.