వాగు పక్కన పచ్చగా నిలిచిన సాళ్ళు

మా వదిన చేయి విత్తనానికి మంచిది కాదని నారాయణఖేడ్ చుట్టుపక్కల ఇప్పటికీ కొందరు అంటుంటారు. ఆ మాట పుట్టింది నా నోట. అది తప్పని తెలిసిన రోజు కూడా నేను నోరు మూసుకున్నాను.

మృగశిర వానలు పడగానే మా దిక్కు గొర్రు కట్టేవాళ్ళు. మగవాడు ఎడ్లను తోలితే, వెనుక ఒక ఆడమనిషి వెదురు గొట్టంలోకి పిడికిలితో విత్తనం వదులుతూ నడిచేది. పంట ఆ చేతి గుణాన్ని బట్టి వస్తుందని అందరి నమ్మకం. మేము ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్ళమే అయినా ఈ విషయంలో మాకూ మిగతా ఊరికీ తేడా లేదు. మొదటి వానకే మా వదిన కోసం ఇళ్ళ నుంచి కబురు వచ్చేది. కోతలయ్యాక వాళ్ళంతా ఆమె ఒడిలో గింజలు పోసేవాళ్ళు. అన్న షోలాపూర్ మిల్లుకు పోయినప్పటి నుంచి ఆమె, పిల్లలు బతికింది ఆ గింజల మీదే, ఆ పేరు మీదే.

అన్న చేను నా చేతికి వచ్చింది. అంతకు ముందు అందులో ఒక ఏడు జొన్న, నడుమ నడుమ కంది సాళ్ళు, మరో ఏడు ఇంకేదో వేసేవాళ్ళు. బీదర్ నుంచి వచ్చే బేరగాళ్ళు కందిని ఎగబడి కొంటున్నారని నేను చేనంతా కందే వేశాను. మరుసటి ఏడూ అదే. కంది ఆకు రాలిన నేలకు పెంట ఎరువు అక్కర్లేదని మా నాయన అనేవాడు. ఆ మాట అబద్ధం కాదు. దాన్నే పట్టుకుని నేను వాదించాను.

"ఏంది పిలగా, మళ్ల కందేనా? పిల్లలకు రొట్టెలు దేంతోని జెయ్యాలె?" అంది వదిన.

"కంది అమ్మి జొన్నలు కొందాం తియ్."

"రోజూ పప్పే పెడితే నువ్వు తింటవా? భూమికి గూడ నోరు మారాలె గద."

"భూమి నీ లెక్క గొణగదు వదినా."

ఆమె నవ్వింది. కాని వాగు పక్కన కొన్ని సాళ్ళలో జొన్న వెయ్యాల్సిందేనని పట్టుబట్టింది. పోనీ అని ఒప్పుకున్నాను. ఏటా అక్కడ జొన్న, మిగతా చేనంతా కంది.

మొదట్లో పంట బాగానే వచ్చింది. తరవాత అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలు పసుపు తిరిగాయి. నేను లెక్కచేయలేదు. ఆ మరుసటి ఏడు వాగు పక్క సాళ్ళు కూడా లాక్కుని కందే వేయించాను. పూత దిగి కాయ పడుతుండగా చేను ఎండసాగింది. నేలలో ఇంకా తేమ ఉంది. అయినా ఆకులు ఉడికించినట్టు వేలాడాయి. మొక్కను పీకి చీల్చి చూస్తే లోపల నల్లటి చారలు. ఒక మొక్క నుంచి పక్క మొక్కకు పాకి, చేనులో మచ్చలు మచ్చలుగా ఎండు కట్టెలే మిగిలాయి.

పక్క చేను ముసలాయన గట్టు మీద నిలబడి, "ఏంరా, మీ చేను నా నెత్తి లెక్కనే అయింది గదరా" అన్నాడు. ఆయనది బట్టతల. ఆయన వెంట ఉన్నవాళ్ళు నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఏం జెయ్యాలె, మా వదిన చేయి ఈసారి కలిసిరాలే" అన్నాను.

ముసలాయన నవ్వు ఆపాడు. "నిరుడు మా చేన్ల గూడ ఆమెనే ఏసింది. మాకు గూడ తక్కువనే ఎల్లింది" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. ఆ మాట ఊరు చేరడానికి అంతే చాలింది.

కోతకు పోయిన రోజు వాగు దిక్కు చూశాను. అంతకు ముందు జొన్న నిలిచిన సాళ్ళలో కంది పచ్చగా, కాయల బరువుకు వంగి ఉంది. మిగతా చేనుకు వేసిన విత్తనమే, అదే చేయి, అదే పొద్దు. తేడా నేలలోనే ఉంది. ఒక మొక్క పీకాను. వేరు శుభ్రంగా ఉంది. ఏటేటా కంది మోసిన నేలకే ఈ రోగం పట్టిందని అక్కడే అర్థమైంది. ఆ సాళ్ళను ఎవరైనా చూస్తే తప్పు ఆమె మీది నుంచి నా మీదికి వస్తుందని కూడా అర్థమైంది. కొడవలి తీసి వాటిని కాయలతో సహా పచ్చిగానే కోసి ఎడ్లకు వేశాను. ఎడ్లు ఇష్టంగా తిన్నాయి.

మరుసటి మృగశిరకు వదిన పొద్దున్నే చేతులు కడుక్కుని, కొంగు బిగించుకుని గడపలో కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఆమె ముందు నుంచే గొర్రులు పోయాయి, వాటి వెంట వేరే ఆడవాళ్ళు పోయారు. మా గొర్రు వెనుక కూడా నేను మరో మనిషినే పెట్టాను. ఎవరికీ చెప్పకుండా ఆ ఏడు చేనంతా జొన్న వేశాను. పంట నిండుగా వచ్చింది. చేయి మారింది కాబట్టి చేను తేరుకుందన్నారు. నేను అవునన్నాను.

ఆ తరవాత ఆమె ఊళ్ళో కలుపు కూలికి పోయింది. విత్తనం పిడికిలి ఇక ఎవరి చేనులోనూ వదల్లేదు.

ఇన్నేళ్ళకు, ఈ మధ్య ఒకనాడు ఆమె చేటలో కందులు చెరుగుతుంటే పోయి పక్కన కూర్చున్నాను. "వదినా, అది నీ చేయి గాదు. ఏటేటా కందే ఏసి భూమికి రోగం నేనే తెచ్చిన. వాగు పక్కన నువ్వు జొన్నలేసిన కాడ కంది పచ్చగుండె. కోసి ఎడ్లకేసింది గూడ నేనే" అన్నాను.

ఆమె చెరగడం ఆపి అంతా విన్నది.

"నువ్వు మంచోనివి బిడ్డా. నా పానం కుదుటపడాలని గిట్ల చెప్తున్నవ్."

"నిజం వదినా."

"మరి నా చేయి తీసేసిన ఏడు పంట ఎట్లొచ్చె? నేను జూడలేదా?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పాను కూడా. ఆమె చిన్నపిల్లవాడి మాట విన్నట్టు తల ఊపి, మళ్ళీ చేట అందుకుంది.

లేచి వస్తుంటే పిలిచింది. మూలన బూడిద కలిపిన విత్తనాల కుండ ఉంది. ఆమె కోడలు దాన్ని కిందే మరిచిపోయిందట.

"జర దాన్ని అటక మీద పెట్టి పో బిడ్డా. నేను ముట్టొద్దు."